శనివారం టిక్కులు

మొన్న శనివారం సాయంత్రం మా కోడలు ఆఫీసు నుంచి వచ్చీ రాగానే, భుజానున్న సంచీ అయినా దించకుండా నా ముందు ఒక జవాబు కాగితం పరిచి, నేను టీచరుగా చేసినదాన్ని కాబట్టి న్యాయం నన్నే చెప్పమంది. మూడో తరగతి చదివే మా మనవరాలికి ఏదో చిన్న పరీక్షలో ఇరవైకి పందొమ్మిదిన్నర వచ్చాయి. వాక్యం చివర చుక్క పెట్టలేదని ఆ అర మార్కు తగ్గించారట. తల్లులందరూ కలిసి ఫోనులో పెట్టుకున్న గుంపులో పొద్దున్నుంచీ దీనిమీదే చర్చ నడుస్తోందనీ, అందరి తరఫునా ప్రిన్సిపాలుకు ఒక ఉత్తరం ఇవ్వాలని తీర్మానించారనీ, మా అత్తగారు చక్కగా రాస్తారని తాను మాట ఇచ్చేసిందనీ చెప్పి, కాగితం, పెన్ను నా చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయింది. నేను ‘గౌరవనీయులైన ప్రిన్సిపాలు గారికి’ అని రాసి ఆగిపోయాను. గంట గడిచినా రెండో వరుస పడలేదు. ఉత్తరం రాయడం చేతకాక కాదు, ఆ అర మార్కును చూస్తుంటే పులికాట్ సరస్సు ఒడ్డున నేను పెట్టిన టిక్కులన్నీ గుర్తుకొచ్చాయి.

నా ఈడువాళ్లకు చెప్పనక్కరలేదు, మనల్ని బడిలో వేసిన రోజు తప్ప మన పెద్దలు మళ్లీ ఆ గడప తొక్కి ఎరగరు. చిత్తూరులో బెల్లం మండీలో గుమాస్తాగా ఉండిన మా నాయన నన్ను ఒకటో తరగతిలో చేర్చేటప్పుడు అయ్యవారికి దండం పెట్టి, కళ్లు రెండూ వదిలేసి తక్కిన ఒళ్లంతా మీ ఇష్టమని చెప్పి వచ్చేశాడు. నేను ఏ తరగతిలో ఉన్నానో అడిగితే ఇంట్లో ఉన్న మా పిన్నమ్మ వైపు చూసేవాడు. అయినా మనకు చదువు వచ్చిందంటే ఆ అయ్యవార్ల చలవేనని సభల్లో నేను కూడా చాలాసార్లు అన్నాను. అలా అన్న ప్రతిసారీ నాలో ఒక మూల ఎక్కడో గుచ్చుకునేది.

ట్రైనింగు అయిన కొత్తలో నాలుగేళ్లు తిరుపతిలో ఒక కాన్వెంటులో పనిచేశాను. కాన్వెంటంటే పెద్ద భవనమేమీ కాదు, అద్దెకు తీసుకున్న మేడ ఇల్లు, పడకగదుల్లో తరగతులు, వంటింట్లో స్టాఫురూము. కరస్పాండెంటు గారు మాత్రం వీధి కనబడే కిటికీ పక్కన కూర్చునేవారు, ఎవరి తల్లో తండ్రో మెట్లెక్కుతుంటే ముందుగానే చూసి లేచి నిలబడడానికి. అక్కడ ఒక పద్ధతి ఉండేది. శనివారం నోటుబుక్కులన్నీ దిద్ది ఇళ్లకు పంపాలి, సోమవారం తల్లిదండ్రుల సంతకాలతో అవి తిరిగి రావాలి. బట్టల కొట్టు వాళ్ల ఇంటావిడ ఒకామె ఉండేది. ఆమె సంతకం ఊరికే పెట్టేది కాదు, పెన్సిలు పుచ్చుకుని కూర్చుని, నేను చూడక వదిలేసిన తప్పులన్నిటికీ సున్నాలు చుట్టి పంపేది. ఒక సోమవారం స్వయంగా వచ్చి, కరస్పాండెంటు గారి ముందే పుస్తకం తెరిచి, ‘ఏం మేడమ్, మీరు దిద్దినాక మళ్లీ నేను దిద్దాల్నా? ఇట్లయితే మావాడు తప్పే ఒప్పనుకోడా?’ అని అడిగింది. ఆయన నావైపు చూసిన చూపుకు ఆ రోజు వంటింట్లో, అదే స్టాఫురూములో, గ్యాసు బండ పెట్టే గూటికి ఆనుకుని నిలబడి ఏడ్చాను.

ఆ తరువాత ఆదివారాలు నాకు ఆదివారాలు కాకుండా పోయాయి. శనివారం ఆలస్యమైతే కొన్ని పుస్తకాలు ఇంటికి తెచ్చుకుని, ప్రతి వరుసా రెండుసార్లు చదివి, పిల్లలున్న వీధుల్లో తిరిగి ఇచ్చి వచ్చిన రోజులు కూడా ఉన్నాయి. అలాగని అక్కడ అంతా సత్యహరిశ్చంద్రుడి కాలమని కూడా చెప్పను. ఆ బట్టల కొట్టు పిల్లవాడు పరీక్షలో ఒక్క మార్కు తగ్గినా ఇంటికి పోనని గేటు పట్టుకుని వేలాడేవాడు, వాడి ఏడుపు చూడలేక, వాళ్లమ్మ నోటికి జడిసి, ఇవ్వరాని మార్కులు ఇచ్చిన సందర్భాలున్నాయి. జవాబులు నేనే పెన్సిలుతో పల్చగా రాసిచ్చి పిల్లలచేత వాటిమీద దిద్దించిన రోజులూ ఉన్నాయి. కానీ ఒకటి నిజం. ఆ నాలుగేళ్లలో నా తరగతిలో ఏ బిడ్డకు ఏం వచ్చు, ఏం రాదు అన్నది నాకు నిద్రలో లేపి అడిగినా తెలిసేది. తెలియకపోతే ఆ తల్లులు ఊరుకునేవారు కాదు.

సర్కారు ఉద్యోగం వచ్చిన రోజు మా ఆయన మైసూరుపాకు పొట్లం తెచ్చాడు. నేను ఒక ముక్క నోట్లో వేసుకుంటూ, ఇంక ఏ తల్లికీ నేను జవాబు చెప్పనక్కరలేదని అన్నాను. ఎందుకో ఆ మాట నాకు అక్షరం పొల్లుపోకుండా జ్ఞాపకముంది. నా సంతోషం జీతానికి కాదు, దానికే.

నన్ను వేసింది తడ అనే ఊరికి అవతల, పులికాట్ ఒడ్డున జాలరుల పల్లెలో, రెండు గదులు, ఇద్దరు టీచర్లు ఉన్న బడిలో. వారమంతా తడలో ఒక గది తీసుకుని ఉండి, శనివారం మధ్యాహ్నం తిరుపతి బస్సెక్కేదాన్ని. హెడ్మాస్టరు గారికి కాగితాలు మోసుకుని మండలాఫీసుకు తిరగడంతోనే సరిపోయేది, ఐదు తరగతులూ దాదాపు నా చేతిమీదే నడిచేవి. మగవాళ్లు తెల్లవారకముందే పడవలతో సరస్సులోకి పోయేవారు, ఆడవాళ్లు చేపల గంపలతో సంతలకు పోయేవారు. అవతల శ్రీహరికోటలో రాకెట్టు లేచిన రోజు మాత్రం ఊరూ బడీ ఏకమై గట్టుమీద నిలబడేది, ఆ రోజు తప్ప పిల్లల తల్లులను నేను ఒకచోట చూసింది లేదు. ఒక్కరూ బడికి వచ్చి మా బిడ్డకేం చెబుతున్నావని అడగలేదు. మొదట్లో ఆరు నెలలు నేను కాన్వెంటు అలవాటు కొద్దీ అన్నీ శ్రద్ధగా దిద్దాను, ఆ మాట కూడా చెప్పుకోనివ్వండి. పుస్తకాలు ఇంటికి పంపేదాన్ని, పంపినవి పంపినట్టే వచ్చేవి. సంతకాల చోట ఒకరిద్దరు వేలిముద్ర వేశారు, తక్కినవారు అదీ లేదు. ఎవరూ తెరవని పుస్తకంలో తప్పు దిద్దితే ఏమి, దిద్దకపోతే ఏమి అని నాకు ఎప్పుడు అనిపించిందో చెప్పలేను, ఒకనాడు మాత్రం అలాగే అనిపించింది.

అక్కడినుంచి శనివారాలు మారిపోయాయి. బస్సు వేళకు గంట ముందు పిల్లలందరినీ వరుసలో నిలబెట్టేదాన్ని. ఒక్కొక్కరూ ఆ వారం రాసిన పేజీలు తెరిచి మోచేతిమీద పళ్లెంలా పట్టుకుని ముందుకు వచ్చేవారు. నేను ఎర్ర పెన్నుతో టిక్కు, టిక్కు, టిక్కు, కింద సంతకం. ఒక్కో పుస్తకానికి ఊపిరి పీల్చి వదిలేంత సేపు కూడా పట్టేది కాదు. పిల్లలు ఆ ఎర్ర గీతలు చూసుకుని గెంతుకుంటూ ఇళ్లకు పోయేవారు. నేను సంచీ భుజాన వేసుకుని రోడ్డుమీదికి నడిచేదాన్ని.

ఆ వరుసలో ఒక పిల్ల ఉండేది. నాలుగో తరగతి, నూనె పెట్టి బిగించిన రెండు జడలు, పలచటి చేతులు. ఆ పిల్ల దస్తూరి గురించి చెప్పాలి. బోర్డుమీద నేను ఎలా రాస్తే అలాగే, నా కొమ్ముల వంపుతో సహా, దించేసేది. ఆ పుస్తకం దగ్గర మాత్రం నేను కాస్త ఆగి ‘చాలా బాగుంది’ అని రాసేదాన్ని. తనిఖీకి అధికారి వచ్చినప్పుడు ఆయన చేతిలో పెట్టింది ఆ పిల్ల పుస్తకమే. ఆయన పేజీలు తిప్పి, పల్లెటూరి బడిలో ఇంత మంచి పనా అని అందరి ముందూ నన్ను మెచ్చుకున్నారు. పాఠం చదవమంటే నిలబడి, పుస్తకం పట్టుకుని, తడబడకుండా చదివేది. ఇంకేం కావాలి నాకు? కాన్వెంటులో అయితే ఆ బట్టల కొట్టు ఇల్లాలు వారం తిరగకుండా పట్టేసేది. నేను రెండేళ్లయినా పట్టుకోలేదు, అసలు పట్టించుకోనే లేదు.

ఆ పిల్ల ఐదో తరగతికి వచ్చాక ఒక రోజు వాళ్ల నాయన వచ్చాడు. తిన్నగా పడవ దిగి వచ్చినట్టున్నాడు, పంచె ఇంకా తడిగానే ఉంది. చెప్పులు బయటే విడిచి, భుజంమీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని, గడప దాటకుండా నిలబడ్డాడు. తాటాకు బుట్టలో రొయ్యలు తెచ్చి గోడవారగా పెట్టాడు. ఎవరో చెప్పారట, పరీక్ష రాయిస్తే గురుకులంలో సీటిస్తారనీ, అక్కడే ఉండి చదువుకోవచ్చుననీ. ‘నాకు సదువు తెలీదు టీచరమ్మా. బిడ్డ పుస్తకాలు సూస్తే అన్నీ ఎర్ర టిక్కులే ఉండాయి. అయితే బాగా సదవతా ఉండాదనే కదా?’ అని అడిగాడు. నేను ఆ ఊరికి వచ్చిన మూడేళ్లలో ఒక తండ్రి నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది. బ్రహ్మాండంగా చదువుతుంది, సీటు తప్పకుండా వస్తుందని చెప్పాను. అబద్ధమని నాకు అప్పటికి తెలియదు, నిజమని కూడా తెలియదు. ఆయన ముఖం వెలిగిపోయింది. ఆ టిక్కులున్న పుస్తకాలన్నీ గుడ్డలో చుట్టి ట్రంకు పెట్టెలో దాస్తున్నానని సిగ్గుపడుతూ చెప్పాడు. ఆ రోజు నా గదిలో ఆ రొయ్యలు వేపుడు చేసుకుని కడుపునిండా తిన్నాను.

పరీక్ష సూళ్లూరుపేటలో. ఆయన పడవ కట్టేసి, బిడ్డను బస్సులో తీసుకుపోయాడు. మరునాడు ఆ పిల్ల మెరిసే కళ్లతో వచ్చి, ‘అంతా రాసేసినా టీచర్, ఒక్కటి గూడా ఇడవలా’ అంది. ఏమేం రాశావే అని అడిగితే ప్రశ్నపత్రం తీసి ఇచ్చి, దీన్లో ఉండేదంతా అంది. నాకు మొదట అర్థం కాలేదు. మళ్లీ అడిగితే తెలిసింది. ఇచ్చిన ప్రశ్నలన్నిటినీ, మొదటినుంచి చివరిదాకా, ముత్యాల్లాంటి అక్షరాలతో జవాబుల కాగితంలోకి ఎక్కించి వచ్చింది.

అప్పుడు తీసుకున్నాను పుస్తకం. ఒక పాఠం తెరిచి చదవమంటే గడగడా చదివింది. అదే పాఠంలో ఒక మాటమీద వేలు పెట్టి ఇదేమిటని అడిగితే బొమ్మవైపు చూసింది. బొమ్మను అరచేత్తో మూశాను. ఆ పిల్ల నా ముఖంలోకి చూసి తల వంచుకుంది. ఒకటో తరగతి నుంచీ పక్క పిల్లలు చదివేది విని కంఠస్థం పట్టింది, బోర్డుమీది అక్షరాలు ముగ్గు దించినట్టు దించింది. ఎవరూ ఏమీ అనలేదు గనుక, అందరూ బాగుందన్నారు గనుక, చదువంటే అదేననుకుంది. ఆ తరువాత తనకు తెలిసే ఉంటుంది, భయపడి దాచి ఉంటుంది. ఆ రెండేళ్లలో ఒక్క శనివారం, ఒక్కటంటే ఒక్క శనివారం, నేను ఆ పేజీలో ఒక మాట చూపించి ఇదేమిటని అడిగి ఉంటే చాలు.

అసలు తప్పు ఇప్పుడు చెబుతున్నాను, ఇంతదాకా చెప్పింది అందరూ చేసేదే అనుకుని ఎవరైనా నన్ను క్షమించవచ్చు. ఫలితాలు వచ్చాక వాళ్ల నాయన మళ్లీ వచ్చాడు. మళ్లీ గడప అవతలే నిలబడ్డాడు. ఆ పిల్ల నా బల్ల పక్కనే ఉంది. నేను ఆయనతో, సీట్లు చాలా తక్కువండీ, పోటీ ఎక్కువ, మీ అమ్మాయి బాగానే రాసింది, అదృష్టం కలిసిరాలేదని చెప్పాను. చదువు రాదని చెబితే ఆ టిక్కులెవరు పెట్టారని అడుగుతాడేమోనని భయం. ఆయన అలా అడిగేవాడు కాదని ఇప్పుడు తెలుస్తోంది. ‘పోనీలే టీచరమ్మా, మీరు సేయాల్సింది సేసినారు. దాని నుదుట లేదు, అంతే’ అని నాకే ధైర్యం చెప్పి వెళ్లాడు. ఆ వేసవిలోనే నాకు తిరుపతి దగ్గరికి బదిలీ అయింది. చదువు వచ్చిన పిల్లకే సీటు రానప్పుడు ఇంకా చదివించి ఏం లాభమని, ఆ పిల్లను రొయ్యలు ఒలిచే షెడ్డుకు పంపారని తరువాత హెడ్మాస్టరు గారు ఎక్కడో కనబడినప్పుడు మాటల్లో చెప్పారు. నేను అయ్యో అన్నాను.

ఆ తరువాత నేను మంచి టీచరుగానే చేశానని చెప్పుకుంటారు. పిల్లల చేత మాటమాటా చదివించేదాన్ని. రిటైరైన రోజు పూలదండలు వేసి, శాలువా కప్పి, నా క్రమశిక్షణ గురించి గంటసేపు మాట్లాడారు. అందులో ఒక్కరికీ ఆ పిల్ల సంగతి తెలియదు, మా ఆయనకు కూడా నేను చెప్పలేదు.

ఈ చలికాలంలో వలస కొంగలు వచ్చాయని, మనవరాలికి చూపిద్దామని అందరం కారులో పులికాట్ వెళ్లాం. దారిలో నా పాత బడి చూస్తానంటే దింపి, వాళ్లు గట్టుమీదికి వెళ్లారు. పెంకులు పోయి పైన స్లాబు వచ్చింది, గోడలకు రంగులు, బెంచీలు. ఆ రోజు తల్లిదండ్రుల సమావేశమట. సర్కారు బడిలో అన్ని చీరకొంగులు ఒకచోట చూడడం నాకు వింతగా తోచింది. ఒక తల్లి, అందరికంటే గట్టి గొంతుతో, తన కొడుకు పుస్తకం ముందేసుకుని కూర్చుని వాడిచేత చదివిస్తోంది. వాడు మొదటి వరుస అందుకోగానే ఆపి, ‘పైనుంచి గాదు. కిందనుంచి సదువు. ఆ బొమ్మ మీద సెయ్యి పెట్టు’ అంది. బడి పిల్లలెవరికీ తెలియని ఆ కిటుకు ఆమెకెలా తెలుసో ఆ గదిలో నాకు ఒక్కదానికే తెలుసు.

ఆమె తలెత్తి నన్ను చూసి గుర్తుపట్టింది. లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. రొయ్యలు ఒలిచి ఒలిచి వేళ్ల చివర్లు మొద్దుబారి ఉన్నాయి. ఇప్పుడు కొడుకు పుస్తకాలతో పాటు తానూ కూడబలుక్కుంటోందట, ఇప్పటికి గుణింతాలు దాటానని నవ్వింది. కొత్త మేడమ్ టిక్కు పెట్టినా తాను ఒప్పుకోదట, తన ఎదుట చదివించమని అడుగుతుందట. ఆ కొత్త టీచరు పక్కనుంచి, ‘ఈమెతో మాకు శానా కష్టం మేడమ్’ అని నవ్వుతూ ఫిర్యాదు చేసింది. వాళ్ల నాయన బాగున్నాడట, పడవ మానేశాడు. నేను టిక్కులు పెట్టిన ఆ పుస్తకాలు ఇంకా పెట్టెలోనే ఉన్నాయట. నీకు చదువు రాదన్న సంగతి మీ నాయనకు ఎప్పుడైనా చెప్పావా అని మాత్రం అడిగాను.

‘లేదు టీచర్. మీరు గూడా సెప్పలేదు గదా’ అంది. ‘ఆ పొద్దు నాయన ముందర యాడ సెప్పేస్తారో అని బిక్కసచ్చి నిలబడి ఉంటి. మీరు నన్ను కాపాడినారు. మీ అంత మంచి టీచరు నాకు మళ్లీ దొరకలా.’

కొంగలు చూశావా అని తిరుగుదారిలో మనవరాలు అడిగితే చూశానని చెప్పాను.

మన రోజుల్లో పెద్దలు అయ్యవారిని నమ్మి వదిలేసేవారు, ఇప్పుడు నమ్మకం పోయింది, అర మార్కుకు కూడా పంచాయితీలు పెడుతున్నారని మనవాళ్లు బాధపడుతుంటే నేనూ తల ఊపేదాన్ని. ఇప్పుడు ఊపలేకుండా ఉన్నాను. మన పెద్దలు నమ్మి మనల్ని వదిలేసినప్పుడు మన అయ్యవార్లు ఆ నమ్మకాన్ని నిలబెట్టారు, నేను నిలబెట్టలేదు. పరాయి తల్లుల భయం ఉన్నంతకాలం ఒళ్లు దగ్గర పెట్టుకుని, అడిగే దిక్కులేని చోట పెన్ను గీకి బస్సెక్కాను. మా కోడలి ఉత్తరం ఆ శనివారం రాత్రే పూర్తిచేసి ఇచ్చాను. చాలా మర్యాదగా, గట్టిగా ఉందని తల్లులందరూ మెచ్చుకున్నారట, అర మార్కు కలిపారు కూడా.

ఆ పెన్నుతోనే ఇంకో ఉత్తరం మొదలుపెట్టాను, ఆ పల్లెలో ఉన్న ఆ పెద్దాయనకు. మీ అమ్మాయి తప్పేమీ లేదు, నుదుటి రాత అసలే కాదు, ఆ టిక్కులు నేను చూడకుండా పెట్టినవి అని నాలుగు వరుసలు, అంతకంటే ఏమీ లేదు. రాయడం అయిపోయింది, కవరు కూడా తెచ్చుకున్నాను. కానీ ఆయనకు చదువు రాదు. ఉత్తరం వస్తే ఆ పిల్లే ఒక్కో అక్షరం కూడబలుక్కుని ఆయనకు చదివి వినిపించాలి. ఆమె చదవగలుగుతుందన్న సంతోషం ఒకవైపు, చదువుతుందన్న భయం ఒకవైపు. కవరు ఇంకా అంటించలేదు.